వాక్యబంధం: తెలుగు తీరు, ఇంగ్లీషు తీరు

"వర్షం కురిసింది. పంట ఒరిగింది." ఇవి రెండు వేర్వేరు వాక్యాలు. రెండూ రెండు సంగతులను తెలుపుతున్నాయి. కాని ఆ రెండు సంగతులకు గల సంబంధం ఏమిటో అవి చెప్పవు. వర్షం వల్లనే పంట ఒరిగిందా, వర్షం వెలిసిన తరువాత గాలికి ఒరిగిందా అన్నది వినేవారు ఊహించుకోవలసిందే. "వర్షం కురిసి పంట ఒరిగింది" అంటే కారణం తెలుస్తుంది. "వర్షం కురిస్తే పంట ఒరుగుతుంది" అంటే అది ఒక షరతు. "వర్షం కురిసినా పంట ఒరగలేదు" అంటే అనుకున్నదానికి విరుద్ధంగా జరిగిందని అర్థం. వర్షం, పంట మూడు వాక్యాలలోనూ ఉన్నాయి. వాటి నడుమ బంధం మాత్రం మూడు విధాలుగా ఉంది.

ఇట్టి బంధాన్ని కలిగించే పదాన్ని ఇంగ్లీషు వ్యాకరణం 'కంజంక్షన్' అంటుంది. తెలుగులో దీనిని సముచ్చయం అని పిలవడం వాడుక. నిజానికి సముచ్చయం అంటే ఒకదానితో మరొకదానిని కూర్చడం మాత్రమే. కారణం, షరతు, విరోధం మొదలైన సంబంధాలన్నీ ఆ మాటలో ఇమడవు. అందువల్ల ఈ పాఠంలో 'సంయోజక పదం' అనే మాటను వాడడమైనది.

ఇంగ్లీషు సంయోజక పదాల పట్టికను కంఠస్థం చేయడం కష్టమైన పని కాదు. అయినా వాటిని వాడేటప్పుడు తెలుగు విద్యార్థులు కొన్ని నిర్దిష్టమైన చోట్ల తడబడుతూ ఉంటారు. అది అశ్రద్ధ వల్ల మాత్రమే కలిగే తడబాటు కాదు. తెలుగు వాక్యాలను కలిపే పద్ధతి వేరు, ఇంగ్లీషు వాక్యాలను కలిపే పద్ధతి వేరు. ఆ భేదం తెలిస్తే దోషాలలో అధికభాగం వాటంతట అవే తొలగిపోతాయి.

తెలుగులో బంధం ఎక్కడ ఉంటుంది?

తెలుగు వాక్యంలో బంధం సాధారణంగా పదం చివర గాని, క్రియ చివర గాని ఉంటుంది. ప్రాచీన కావ్యభాషలో "రాముఁడును లక్ష్మణుఁడును" అన్నప్పుడు చివరి 'ను' ఆ ఇద్దరినీ కలుపుతుంది. నేటి వ్యవహారంలో అది "రాముడూ లక్ష్మణుడూ" అయింది. 'ను' లోపించి అచ్చు దీర్ఘమైంది. రెండు పదాల మధ్య విడిగా నిలిచిన మాట ఏదీ లేదు. వికల్పాన్ని చెప్పడానికి కూడా ఇదే మార్గం. "కాఫీయా, టీయా?", "రేపో ఎల్లుండో" అనే ప్రయోగాలలో పదాంతంలోని 'ఆ', 'ఓ' అనేవే ఆ పనిని నిర్వహిస్తాయి.

వాక్యాల విషయంలో ఈ భారమంతా క్రియ మీద ఉంటుంది. పాఠశాల వ్యాకరణంలో చదివిన అసమాపక క్రియలను ఇక్కడ జ్ఞప్తికి తెచ్చుకోవాలి. 'చేసి' క్త్వార్థకం, 'చేస్తూ' శత్రర్థకం, 'చేస్తే' చేదర్థకం, 'చేసినా' అప్యర్థకం. ఇవి క్రియలు మాత్రమే కావు, వాక్యాలను ముడివేసే సాధనాలు కూడా. వీటితో ఏర్పడినది సంక్లిష్ట వాక్యం. సమాన ప్రాధాన్యం గల వాక్యాలను కలిపినది సంయుక్త వాక్యం.

తెలుగులో విడిగా నిలిచే సంయోజక పదాలు లేకపోలేదు. అయితే వాటిలో చాలావాటి పుట్టుకను పరిశీలిస్తే మళ్ళీ క్రియే కనిపిస్తుంది. 'కాని' అన్నది 'అగు' ధాతువుకు వ్యతిరేక రూపం. 'అయితే' ఆ ధాతువుకే చేదర్థక రూపం, 'అయినా' అప్యర్థక రూపం. 'కాబట్టి', 'కావున' అనేవి కూడా ఆ ధాతువు నుండి వచ్చినవే. 'ఎందుకంటే' అనే మాటలో 'అను' ధాతువు ఉంది. 'లేదా' అనే మాట 'లేదు' నుండి వచ్చింది. అంటే తెలుగు భాష వాక్యాలను ప్రధానంగా క్రియతోనే కలుపుతుంది. తెలుగు వాక్యనిర్మాణాన్ని ఆధునిక భాషాశాస్త్ర దృష్టితో వివరించిన చేకూరి రామారావు 'తెలుగు వాక్యం' ఈ విషయంలో ఆసక్తి గల విద్యార్థులు చదువదగిన గ్రంథం.

ఇంగ్లీషు పద్ధతి ఇందుకు భిన్నమైనది. అక్కడ బంధం ఒక ప్రత్యేక పదం. అది తాను కలిపే ఉపవాక్యానికి ముందు నిలుస్తుంది. "అతడు వస్తానని చెప్పాడు" అనే వాక్యంలో 'అని' ఉపవాక్యం చివర వచ్చింది. దానికి సాటి అయిన 'దట్' ఇంగ్లీషులో ఉపవాక్యానికి మొదట వస్తుంది. తెలుగువారు చెప్పదలచిన మాట చెప్పి, ఆపైన ముడి వేస్తారు. ఇంగ్లీషువారు ముందు ముడిని చూపి, ఆపైన మాట చెబుతారు. కనుక ఇంగ్లీషులో వాక్యం ఆరంభించే వ్యక్తికి రాబోయే ఉపవాక్యం కారణమా, షరతా, విరోధమా అన్నది ముందుగానే తెలిసి ఉండాలి. ఈ ఒక్క భేదమే తక్కిన అనేక భేదాలకు మూలం.

ఇంగ్లీషు సంయోజక పదాలు: మూడు తరగతులు

ఇంగ్లీషు సంయోజక పదాలను మూడు తరగతులుగా విభజించడం పరిపాటి.

మొదటి తరగతి సమాన ప్రాధాన్యం గల వాటిని కలిపే పదాలు. ఫర్, అండ్, నార్, బట్, ఆర్, యెట్, సో అనే ఏడింటిని ఈ తరగతిలో చెబుతారు. ఇవి రెండు పదాలనో, రెండు పదబంధాలనో, రెండు వాక్యాలనో కలుపుతాయి. కలిసిన రెండింటిలో ఏదీ మరొకదానికి లోబడదు. తెలుగులోని సంయుక్త వాక్యంతో వీటిని పోల్చవచ్చు.

రెండవ తరగతి ఒక వాక్యాన్ని మరొక వాక్యానికి అంగంగా చేసే పదాలు. బికాజ్, సిన్స్, ఇఫ్, అన్‌లెస్, దో, ఆల్దో, వెన్, వైల్, ఆఫ్టర్, బిఫోర్, అంటిల్, దట్, వెదర్ మొదలైనవి ఇందులో చేరుతాయి. ఈ పదం తగిలిన వాక్యం ఒంటరిగా నిలువలేదు. "బికాజ్ ఇట్ రెయిన్డ్" అని ఆపితే వినేవారు తరువాతి మాట కోసం ఎదురుచూస్తారు. తెలుగులో "వర్షం కురిసినందువల్ల" అని ఆపితే కలిగే అసంపూర్ణ భావం వంటిదే ఇది. ఇట్టి అంగవాక్యం ప్రధాన వాక్యానికి ముందైనా రావచ్చు, వెనుకైనా రావచ్చు. ముందు వచ్చినప్పుడు దాని చివర కామా పెట్టడం వ్రాతలో మర్యాద. తెలుగులో మాత్రం అంగవాక్యం ముందుండడమే సహజం.

మూడవ తరగతి జంటగా వచ్చే పదాలు. బోత్-అండ్, ఈదర్-ఆర్, నీదర్-నార్, నాట్ ఓన్లీ-బట్ ఆల్సో అనేవి ఇట్టివి. తెలుగులో "రాముడూ రాలేదు, సోముడూ రాలేదు" అని ప్రతి పదం చివరా గుర్తు పెడతారు. ఇంగ్లీషులో ప్రతి పదం ముందూ గుర్తు పెడతారు. ఈ జంటలోని రెండు పదాల తరువాత ఒకే రకపు నిర్మాణం ఉండాలి. మొదటిదాని తరువాత నామవాచకం ఉంటే రెండవదాని తరువాతా నామవాచకమే రావాలి. ఈదర్-ఆర్, నీదర్-నార్ జంటలలో క్రియ తనకు దగ్గరగా ఉన్న కర్తను అనుసరించడం వ్రాతభాషలో నియమం. "నీదర్ ద టీచర్ నార్ ద స్టూడెంట్స్" అన్న తరువాత 'వాజ్' కాక 'వర్' రావడానికి ఇదే హేతువు.

రెండు మూసల కలయిక

తెలుగు విద్యార్థుల రచనలో తరచుగా కనిపించే దోషం ఒకే బంధానికి రెండు పదాలు వాడడం. "దో ఇట్ రెయిన్డ్, బట్ ద గేమ్ డిడ్ నాట్ స్టాప్" అన్నది ఇందుకు ఉదాహరణ. ఈ భావాన్ని తెలుగులో రెండు విధాలుగా చెప్పవచ్చు. "వర్షం కురిసినా ఆట ఆగలేదు" అన్నది ఒక మూస. "వర్షం కురిసింది, కాని ఆట ఆగలేదు" అన్నది మరొక మూస. 'దో' మొదటి మూసకు చెందినది. 'బట్' రెండవ మూసకు చెందినది. రెండింటినీ ఒకే వాక్యంలో ఉంచడమంటే "వర్షం కురిసినా, కాని ఆట ఆగలేదు" అన్నట్లే. తెలుగులో చెవికి వెంటనే తగిలే ఈ దోషం ఇంగ్లీషులో తగలకపోవడానికి కారణం ఆ రెండు పదాల మధ్య దూరం. 'దో... యెట్' అనే జంట పాతకాలపు ఇంగ్లీషు రచనలలో కనిపిస్తుంది. 'దో... బట్' అనే జంట మాత్రం ప్రామాణిక భాషలో చెల్లదు.

'బికాజ్... సో' కూడా ఇట్టిదే. 'బికాజ్' కారణం పక్షాన నిలుస్తుంది. 'సో' ఫలితం పక్షాన నిలుస్తుంది. ఒకటి పలికిన తరువాత రెండవది అనవసరం. ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గమనించాలి. "వర్షం కురిసింది కాబట్టి ఆట ఆగింది" అనే వాక్యంలో 'కాబట్టి' రెండు వాక్యాల నడుమ ఉన్నది. ఇంగ్లీషులో 'సో' కూడా ఆ నడుమనే వస్తుంది. స్థానం ఒకటే గాని చేరిక వేరు. 'కాబట్టి' వెనుకనున్న కారణాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. 'సో' ముందు రానున్న ఫలితాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. చదివేటప్పుడు ఊపిరి ఎక్కడ ఆగుతుందో చూస్తే ఈ భేదం తెలిసిపోతుంది.

లోపల దాగిన వ్యతిరేకార్థం

రెండవ దోషం ఇంతకంటె ప్రమాదకరమైనది. ఎందుకంటే అది వాక్యార్థాన్నే తలక్రిందులు చేస్తుంది. "నువ్వు చదవకపోతే ఉత్తీర్ణుడవు కాలేవు" అనే వాక్యంలో 'చదవకపోతే' అన్న క్రియలోనే వ్యతిరేకార్థం ఉన్నది. దీనిని ఇంగ్లీషులో చెప్పడానికి 'అన్‌లెస్' వాడితే ఆ వ్యతిరేకార్థం 'అన్‌లెస్' లోపలికి పోతుంది. కనుక "అన్‌లెస్ యు స్టడీ, యు కెనాట్ పాస్" అన్నది సరియైన వాక్యం. తెలుగు క్రియను అనుసరించి "అన్‌లెస్ యు డోంట్ స్టడీ" అని వ్రాస్తే "నువ్వు చదివితే ఉత్తీర్ణుడవు కాలేవు" అనే విపరీతార్థం వస్తుంది.

'అంటిల్' విషయంలోనూ ఇంతే. తెలుగులో "అతడు వచ్చే వరకు ఉండు" అనవచ్చు, "అతడు రానంత వరకు ఉండు" అని కూడా అనవచ్చు. రెండింటి ఫలితార్థం ఒకటే. మొదటిది రాకను అవధిగా చెబుతుంది, రెండవది రాకపోయిన కాలాన్ని చెబుతుంది. ఇంగ్లీషులో 'అంటిల్' అవధిని మాత్రమే చెబుతుంది. కాబట్టి "వెయిట్ అంటిల్ హి కమ్స్" అనాలి. అందులో వ్యతిరేకార్థక పదానికి చోటు లేదు.

ఒక రూపం, అనేకార్థాలు

తెలుగులో ఒకే రూపం పలు సంబంధాలను తెలిపినప్పుడు ఇంగ్లీషులో ఏ పదం ఎన్నుకోవాలన్నది మూడవ చిక్కు. చేదర్థకాన్ని తీసుకుందాం. "వాన తగ్గితే బయలుదేరుదాం" అన్నప్పుడు వాన తగ్గుతుందో లేదో తెలియదు. "తెల్లవారితే బయలుదేరుదాం" అన్నప్పుడు తెల్లవారడంలో సందేహం లేదు. క్రియారూపం ఒకటే అయినా మొదటిది షరతు, రెండవది సమయం. ఇంగ్లీషులో మొదటిదానికి 'ఇఫ్', రెండవదానికి 'వెన్' వాడాలి. తెల్లవారడానికి 'ఇఫ్' చేర్చితే సూర్యోదయాన్నే శంకించినట్లవుతుంది. "ఉద్యోగం వస్తే అప్పు తీరుస్తాను" అనే మాటను 'ఇఫ్'తో చెప్పినవాడు ఉద్యోగం రాకపోవచ్చునని ఒప్పుకుంటున్నాడు. 'వెన్'తో చెప్పినవాడు వచ్చి తీరుతుందనే నమ్మకాన్ని వినేవారికి ఇస్తున్నాడు. అప్పు ఇచ్చినవాడికి ఈ రెండూ సమానం కావు.

క్త్వార్థక విషయం మరింత విస్తృతమైనది. "తలుపు తెరిచి లోపలికి వచ్చాడు" అన్నది రెండు పనుల వరుస. ఇక్కడ 'అండ్' సరిపోతుంది. "కూర్చొని చదువుతున్నాడు" అన్నది తీరు. ఇక్కడ సంయోజక పదంతోనే పని లేదు, 'సిటింగ్' అనే క్రియాజన్య రూపం చాలు. "వర్షం కురిసి పంట ఒరిగింది" అన్నది కారణం. ఇక్కడ 'బికాజ్' ఉచితం. మొదటి రెండు వాక్యాలలో రెండు క్రియలకూ కర్త ఒక్కడే. మూడవదానిలో కర్తలు వేరు. కర్తలు భిన్నమైనప్పుడు తెలుగు క్త్వార్థకం సాధారణంగా కారణాన్ని సూచిస్తుంది. ఇది విద్యార్థులకు చక్కని ఆనవాలు. 'చేసి' అన్న ప్రతిచోటా 'అండ్' పెట్టడం అలవాటైతే ఆ ఇంగ్లీషు రచనలో పనులు వరుసగా కనిపిస్తాయి గాని, వాటికి గల హేతువు కనిపించదు.

'అండ్', 'ఆర్': చిన్న పదాలు, పెద్ద వివాదాలు

అన్నింటికంటె సులభమైనవిగా తోచే 'అండ్', 'ఆర్' అనే పదాలే ఒక్కొక్కసారి మిక్కిలి క్లిష్టమైనవి అవుతాయి. మన దారుల వెంట కనిపించే "డోంట్ డ్రింక్ అండ్ డ్రైవ్" అనే హెచ్చరికను పరిశీలించండి. అది మద్యపానాన్ని గాని, వాహనం నడపడాన్ని గాని విడివిడిగా నిషేధించడం లేదు. రెండూ కలిసిన పనిని నిషేధిస్తున్నది. అదే నిర్మాణంలో "డోంట్ షౌట్ అండ్ స్పిట్" అని ఒక ఆసుపత్రి గోడ మీద ఉన్నదనుకొందాం. అరవకుండా ఉమ్మివేయవచ్చునని ఎవరూ అర్థం చేసుకోరు. ఒకచోట 'అండ్' రెండింటినీ ఒక ముద్దగా చేసింది. మరొకచోట రెండింటినీ విడివిడిగా నిషేధంతో కలిపింది. తెలుగులో మొదటిదానిని "మద్యం సేవించి వాహనం నడపరాదు" అని క్త్వార్థకంతోనూ, రెండవదానిని "అరవరాదు, ఉమ్మివేయరాదు" అని రెండు వేర్వేరు క్రియలతోనూ చెబుతాము. ఇంగ్లీషు వాక్యంలో ఊహకు వదలిన భేదం తెలుగులో క్రియారూపం వల్ల స్పష్టమైంది.

ఈ భేదాన్ని భారతీయ వైయాకరణులు ప్రాచీన కాలంలోనే గుర్తించారు. సంస్కృతంలో 'మరియు' అనే అర్థాన్నిచ్చే 'చ'కారానికి వారు నాలుగు అర్థాలు చెప్పారు. ఒకదానికొకటి అపేక్ష లేనివి విడివిడిగా ఒకే క్రియతో కలియడం సముచ్చయం. ఈశ్వరుణ్ణీ గురువునూ సేవించమనడం ఇందుకు ఉదాహరణ. ఒకటి ప్రధానమై మరొకటి ప్రాసంగికంగా చేరడం అన్వాచయం. భిక్షకు వెళ్ళమని చెప్పి, కనిపిస్తే ఆవును కూడా తోలుకొని రమ్మనడం ఇట్టిది. భిక్ష ముఖ్యం, ఆవు కనిపించకపోయినా ఆ పని ఆగదు. వేటి ఉనికి అవి నిలుపుకొంటూనే పరస్పరం కలియడం ఇతరేతరయోగం. రామలక్ష్మణులు అన్నది అట్టి కలయిక. అన్నీ కలిసి ఒకే సముదాయంగా భాసించడం సమాహారం. కాళ్ళూ చేతులూ అని విడిగా కాక పాణిపాదం అని ఏకవచనంలో చెప్పడం ఇందుకు నిదర్శనం. చివరి రెండు అర్థాలలోనే ద్వంద్వ సమాసం ఏర్పడుతుందని పాణినీయ సంప్రదాయం.

'కలపడం' ఒక్క రకంగా ఉండదన్న ఈ వివేకం పండితుల చర్చకే పరిమితమైనది కాదు. 2024 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు ఒక 'అండ్'కు అర్థం నిర్ణయించవలసి వచ్చింది. 2018లో అక్కడ చేసిన చట్టం కొన్ని మాదకద్రవ్యాల నేరాలలో నిర్బంధ కనిష్ఠశిక్ష కంటె తక్కువ శిక్ష విధించే వీలును న్యాయమూర్తులకు విస్తరించింది. ఆ వీలు పొందాలంటే నిందితుడికి పాత నేరచరిత్రకు సంబంధించిన మూడు అంశాలు ఉండరాదు. చట్టంలో మూడవ అంశానికి ముందు 'అండ్' ఉన్నది. మూడూ కలిసి ఉన్నవాడికే ఆ వీలు లేదా, లేక మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా లేదా అన్నది ప్రశ్న. మొదటి అర్థమైతే ఎక్కువమందికి ఊరట, రెండవ అర్థమైతే తక్కువమందికి ఊరట. ఆరుగురు న్యాయమూర్తులు ఏ ఒక్కటి ఉన్నా వీలు పోతుందని తీర్పు చెప్పారు. ఆ తీర్పును ఎలీనా కేగన్ వ్రాశారు. నీల్ గోర్సచ్ వ్రాసిన భిన్నాభిప్రాయంతో మరి ఇద్దరు ఏకీభవించారు. ఒక సంయోజక పదం మీద మనుషుల చెరసాల సంవత్సరాలు ఆధారపడ్డాయి.

'ఆర్' కథ ఇంతకంటె ముందటిది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో అదనపు పనిగంటల వేతనం వర్తించని పనుల జాబితా ఒక చట్టంలో ఉన్నది. ఆహారపదార్థాలను నిల్వచేయడం మొదలైన పనులు చెప్పి, చివర రవాణా 'ఆర్' పంపిణీ కోసం మూటకట్టడం అనే అర్థం కూడా వచ్చేటట్లు ఆ జాబితా ముగిసింది. అంటే 'ఆర్' రవాణానూ పంపిణీనీ మాత్రమే కలుపుతున్నదా, లేక మూటకట్టడం ఒక పని, పంపిణీ చేయడం మరొక పని అని చెబుతున్నదా అన్నది తేలలేదు. 'ఆర్'కు ముందు కామా లేకపోవడం ఆ సందేహాన్ని పెంచింది. ఓక్‌హర్స్ట్ డెయిరీలో పాలు పంపిణీ చేసే డ్రైవర్లు తమ పని మూటకట్టడం కాదని, కనుక తమకు అదనపు వేతనం రావాలని వాదించారు. 2017లో అప్పీలు న్యాయస్థానం ఆ వాక్యం సందిగ్ధంగా ఉన్నదని చెప్పి డ్రైవర్ల పక్షం వహించింది. 2018లో ఆ సంస్థ 50 లక్షల డాలర్లు చెల్లించడానికి అంగీకరించడంతో వివాదం ముగిసింది.

సందేహానికి తావివ్వకుండా వ్రాయడం సాధ్యమేనని చెప్పడానికి భారత రాజ్యాంగంలోని 15వ అధికరణం ఒక ఉదాహరణ. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన ప్రదేశం అనే కారణాలతో మాత్రమే పౌరుల పట్ల రాజ్యం వివక్ష చూపరాదని అది చెబుతుంది. ఇంగ్లీషు పాఠంలో ఆ జాబితాను 'ఆర్'తో ముగిస్తూ, వాటిలో ఏ ఒక్కటైనా సరే అనే అర్థమిచ్చే మాటలను రాజ్యాంగ నిర్మాతలు చేర్చారు. అన్ని కారణాలూ కలిసి ఉంటేనే నిషేధం అని ఎవరూ వాదించడానికి అక్కడ వీలు లేదు. 348వ అధికరణం ప్రకారం, పార్లమెంటు మరొక విధంగా నిర్ణయించనంత వరకు, చట్టాల ప్రామాణిక పాఠం ఇంగ్లీషులో ఉండాలి. రేపు న్యాయవాదులుగా, ఉద్యోగులుగా, ఒప్పందాలపై సంతకం చేసే పౌరులుగా నిలువనున్న విద్యార్థులు ఇంగ్లీషులోని 'అండ్'ను, 'ఆర్'ను ఆగి చదవడం నేర్చుకోవలసి ఉన్నది.

ఎదురుదారి: తెలుగులో 'మరియు'

ఇంతవరకు తెలుగు అలవాటు ఇంగ్లీషులోకి వచ్చే తీరును చూశాము. ఇంగ్లీషు అలవాటు తెలుగులోకి రావడం కూడా ఉన్నది. "రాముడు మరియు లక్ష్మణుడు వచ్చారు" అన్నది నేడు అనువాదాలలో, ప్రకటనలలో తరచుగా కనిపించే వాక్యం. 'మఱియు' కొత్త మాట కాదు. పోతన భాగవతంలోని వచనాలలో చాలావాటికి అదే ఆరంభం. కాని అక్కడ దాని అర్థం 'ఇంకను', 'అంతేకాక' అని. ఒక ప్రసంగం ముగిసి మరొకటి ఆరంభమయ్యేటప్పుడు అది వస్తుంది. రెండు నామవాచకాల నడుమ 'అండ్' వలె దానిని నిలపడం ఇంగ్లీషు వాక్యాన్ని పదానికి పదంగా మార్చడం వల్ల బలపడిన అలవాటు.

"రాముడూ లక్ష్మణుడూ" అన్నా, "రామలక్ష్మణులు" అన్నా తెలుగు నుడికారం నిలుస్తుంది. "వైద్య మరియు ఆరోగ్య శాఖ" కంటె "వైద్య ఆరోగ్య శాఖ" పలకడానికి సుఖం. "తలుపు తెరిచాడు మరియు లోపలికి వచ్చాడు" అనే వాక్యాన్ని ఇంట్లో ఎవరూ పలకరు. పరీక్షలో అనువాదం వ్రాసే విద్యార్థి ఇంగ్లీషు వాక్యంలోని 'అండ్'కు సమానమైన పదం వెదకడం మాని, ఆ 'అండ్' చేస్తున్న పనికి సమానమైన తెలుగు రూపాన్ని వెదకాలి.

సాధన చేసే పద్ధతి

సంయోజక పదాన్ని ఎన్నుకొనే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవడం మంచిది. కలుపుతున్న రెండు సంగతులూ సమానమైనవా, ఒకటి మరొకదానికి అంగమా? అంగమైతే వాటి సంబంధం కారణమా, షరతా, సమయమా, విరోధమా? ఎన్నుకొన్న పదంలో వ్యతిరేకార్థం ముందే దాగి ఉన్నదా?

ఉదాహరణకు ఈ తెలుగు వాక్యాన్ని చూడండి: "బస్సు రాక నడిచి వెళ్ళి, పరీక్ష మొదలయ్యాక చేరినా, అధికారి అనుమతిస్తే వ్రాశాడు." ఇందులో ఒక్క సంయోజక పదం కూడా విడిగా లేదు. బంధాలు మాత్రం ఆరు ఉన్నాయి. 'రాక' అన్నది కారణం, కర్తలు వేరుగా ఉన్నారు గనుక 'బికాజ్' తగినది. 'నడిచి' అన్నది వెళ్ళిన తీరు, ఇంగ్లీషులో 'వాక్డ్' అనే ఒక్క క్రియ చాలు. 'వెళ్ళి' అన్నది ఆ పనిని తరువాతి పనితో కలిపే వరుస, దానికి 'అండ్' చాలు. 'మొదలయ్యాక' అన్నది సమయం, 'ఆఫ్టర్' రావాలి. 'చేరినా' అన్నది విరోధం, 'దో' వాడితే 'బట్' రాదు. 'అనుమతిస్తే' అన్నది చేదర్థకమే అయినా, వ్రాయడం జరిగిపోయింది కనుక ఇక్కడ షరతు కాదు. అందువల్ల 'ఇఫ్' కుదరదు, 'వెన్' గాని 'బికాజ్' గాని కుదురుతుంది. ఈ ఆరు నిర్ణయాలూ చేసిన తరువాత వాక్యాన్ని రెండుగానో మూడుగానో విడగొట్టి వ్రాసినా దోషం లేదు. ఇంగ్లీషులో ఇన్ని బంధాలను ఒకే వాక్యంలో మోయించడం అవసరం కాదు.

ఈ విధంగా విడదీసి చూసినప్పుడు విద్యార్థికి రెండు భాషలూ ఏకకాలంలో బోధపడతాయి. తాను ఆలోచించకుండానే వాడుతున్న తెలుగు క్రియారూపాలలో ఎంత అర్థం ఇమిడి ఉన్నదో తెలుస్తుంది. ఆ అర్థాన్ని ఇంగ్లీషులో ఏ పదం మోయగలదో తెలుస్తుంది. సంగతులు తెలిసినవారు ఎందరో ఉంటారు. ఒక సంగతి మరొకదానికి కారణమో, షరతో, అడ్డంకో స్పష్టంగా చెప్పగలిగినవారి మాట మాత్రమే ఇంట్లోనైనా, కార్యాలయంలోనైనా, న్యాయస్థానంలోనైనా నిలుస్తుంది.